బెలూన్ల నుంచి ఆస్ట్రోశాట్ దాకా

2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లిన ఖగోళ పరిశోధక ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌ను మనం రాకెట్ విజయంగానే చెప్పుకుంటాం. దాని వేళ్లు మాత్రం హైదరాబాద్‌లో ఎగిరిన బెలూన్లలో ఉన్నాయి. నక్షత్రాల ఎక్స్‌రేలను గాలి నేల దాకా రానివ్వదు. అందుకే టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1960ల్లోనే పరికరాలను బెలూన్లకు కట్టి, గాలి పలచబడే ఎత్తుకు పంపారు. ఒక్కో ప్రయాణం కొన్ని గంటలదే. అయినా డిటెక్టర్లు చేసే నేర్పు అక్కడే అబ్బింది. 1996లో ఐఆర్‌ఎస్-పీ3 ఉపగ్రహం మీద ఎక్స్‌రే పరికరం ఎక్కిందీ ఆ నేర్పుతోనే.

ఆస్ట్రోశాట్ తిరిగే ఎత్తు 650 కిలోమీటర్లు. దాదాపు ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ పోయి వచ్చేంత దూరం, అంతే. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు అద్దం 2.4 మీటర్లుంటే దీని అతినీలలోహిత టెలిస్కోపు అద్దం 38 సెంటీమీటర్లేనని తీసిపారేసేవారున్నారు. పోలిక నిజమే, తీర్పు తొందరపాటు. ఒకే వస్తువును అతినీలలోహితంలోనూ ఎక్స్‌రేల్లోనూ ఒకేసారి చూడటం దీని బలం. 2020లో 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరపు గెలాక్సీ నుంచి తీవ్ర అతినీలలోహిత కాంతిని పట్టింది ఆ చిన్న అద్దమే.