నొప్పి మోసే నరానికి... వేడి సూది!

ఏళ్ల తరబడి వదలని మెడ నొప్పికి 'నరం కాల్చే' చికిత్స ఉందంటున్నారు. పేరు వింటేనే భయం. అసలు ఏ నరాన్ని కాలుస్తారు? ఎవరికి పనికొస్తుంది? ఎవరికి పనికిరాదు?

గూడూరు మండలం కప్పలదొడ్డిలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకు కూర్చున్న నేత కార్మికుడి చూపంతా పడుగు మీదే. ఒక్క పోగు తెగినా కనిపెట్టాలి. అందుకే తల వంచింది వంచినట్టే ఉంటుంది. పక్కనే పెడనలో కలంకారీ అచ్చులు అద్దేవాళ్లదీ అదే తీరు. బందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకు రాళ్లు పొదిగేవాళ్లదీ అంతే. ఇక నాట్ల రోజులొస్తే ఆడవాళ్లకు నడుమూ మెడా రెండూ వంచక తప్పదు.

మనిషి తల బరువు దాదాపు అయిదు కిలోలు. తల ముందుకు వంగేకొద్దీ మెడ కండరాల మీదా, కీళ్ల మీదా భారం పెరుగుతుంది. ఓ రోజు పొద్దున్నే మెడ పట్టేస్తుంది. ఉప్పు కాపడం, నొప్పి మందు, నాలుగు మాత్రలు... చాలామందికి కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం నెలలు గడిచినా వదలదు. పక్కకు తిరిగి చూడలేరు, రాత్రి నిద్ర ఉండదు, పనికి పోతే రెండో రోజు మంచం. చివరికి బెజవాడలో ఏ డాక్టరో 'నరాన్ని వేడితో కాలిస్తే నొప్పి తగ్గుతుంది' అంటాడు. ఇంటిల్లిపాదీ హడలిపోతారు. నరం కాలిస్తే చెయ్యి పడిపోదూ?

ఏ నరం?

భయానికి సగం కారణం మన మాటలోనే ఉంది. రక్తం పారేదాన్నీ నరమే అంటాం, చేతిని కదిలించేదాన్నీ నరమే అంటాం. నొప్పి కబురు మోసేదీ నరమే! ఈ చికిత్స మెడ కీళ్ల నుంచి నొప్పి కబురు మోసే సన్నని కొమ్మలకు సంబంధించింది.

మెడలో ఏడు వెన్నుపూసలుంటాయి. వాటిని వెనకవైపు రెండు పక్కలా కలిపే చిన్న కీళ్లను ఫాసెట్ కీళ్లంటారు. తల తిప్పినా, ఎత్తినా ఇవే జారుతూ కదులుతాయి. వయసుతో అరిగినా, ప్రమాదంలో కుదుపు తగిలినా వీటిలో నొప్పి పుట్టొచ్చు. ఆ నొప్పిని వెన్నుపాము వైపు మోసుకెళ్లే సన్నటి కొమ్మే మీడియల్ బ్రాంచ్. చాలా కీళ్లకు ఇలాంటివి రెండేసి ఉంటాయి. చేతిని ఆడించే నరాలు వేరు. వేడి తగలాల్సింది ఈ కొమ్మకే. కీలు అక్కడే ఉంటుంది, అరుగుదలా అక్కడే ఉంటుంది. కబురు మాత్రం మెదడుకి చేరదు.

ముందు పరీక్ష సూది

మెడ నొప్పి కీలు నుంచే వస్తోందని ఎలా తెలుస్తుంది? ఎక్స్‌రేలో, ఎమ్మారైలో అరుగుదల కనిపించినంత మాత్రాన కాదు. నలభై దాటిన చాలామందిలో ఏ నొప్పీ లేకపోయినా అరుగుదల కనిపిస్తుంది. అందుకే అనుమానం ఉన్న నరం పక్కన ముందుగా కొద్దిగా మత్తు మందు ఇస్తారు. కొన్ని గంటలపాటు నొప్పి బాగా తగ్గితే, దొంగ దొరికినట్టే. తగ్గకపోతే నొప్పి మరెక్కడి నుంచో వస్తోందన్నమాట. అలాంటివాళ్లకు ఆ నరాన్ని కాల్చి లాభం లేదు.

ఒక్కసారి తగ్గితే చాలదనీ, మరో రోజు ఇంకో మత్తు మందుతో మళ్లీ చూడాలనీ కొందరు నిపుణులంటారు. సూది పడిందన్న నమ్మకంతోనే నొప్పి తగ్గినట్టు అనిపించేవాళ్లూ ఉంటారు మరి! ఈ పరీక్ష చేయకుండానే 'రేపు రండి, కాల్చేద్దాం' అంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సిందే.

80 డిగ్రీలు... నిమిషంన్నర

అసలు చికిత్సకు పెద్ద కోత ఉండదు. సాధారణంగా బోర్లా పడుకోబెట్టి, చర్మానికి మత్తిచ్చి, సీ-ఆర్మ్ ఎక్స్‌రే తెర మీద చూస్తూ సూదిని నరం పక్కకు చేరుస్తారు. తర్వాత చిన్నగా కరెంటు పంపి చూస్తారు. చెయ్యి అదిరిందా... సూది ఉండకూడని చోట ఉందన్నమాట. సరిచేస్తారు. ఆ తర్వాతే రేడియో తరంగాల కరెంటుతో సూది మొన దగ్గర దాదాపు 80 డిగ్రీల వేడి పుట్టిస్తారు. ఒక్కో చోట నిమిషం, నిమిషంన్నర. దీన్నే రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్ అంటారు. ఎక్కువమంది అదే రోజు ఇంటికెళ్లిపోవచ్చు.

కొన్ని రోజులు మెడ మరింత నొప్పిగా, చర్మం మంటగా, మొద్దుబారినట్టుగా ఉండొచ్చు. పూర్తి ఫలితం తెలియడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. చీము పట్టడం, రక్తస్రావం, పక్క నరానికి దెబ్బ అరుదే అయినా అసలు ఉండవని కాదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ, గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లూ, గర్భిణులూ ముందే చెప్పాలి.

24 మంది చెప్పిన నిజం

ఈ చికిత్సకు గట్టి పరీక్ష ఆస్ట్రేలియాలో జరిగింది. కారు ప్రమాదాల్లో మెడ కుదుపుకు గురై, దీర్ఘకాలంగా బాధపడుతున్న 24 మందిని రెండు జట్లు చేశారు. అందరికీ సూది గుచ్చారు. 12 మందికే వేడి ఇచ్చారు. ఎవరికి ఇచ్చారో రోగులకు తెలియదు. నొప్పి మళ్లీ కనీసం సగానికి చేరడానికి వేడి తగిలినవాళ్లకు పట్టిన కాలం, మధ్యగత లెక్కలో, 263 రోజులు. ఉత్త సూది జట్టుకు 8 రోజులే! 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఈ లెక్కలో ఊరట ఉంది, హెచ్చరికా ఉంది. నరం మళ్లీ పెరుగుతుంది. పెరిగాక నొప్పీ తిరిగి రావచ్చు. అవసరమైతే మళ్లీ చేయొచ్చు. అంతేగానీ ఇది శాశ్వత వైద్యం కాదు.

అందరూ ఒప్పుకోరు!

పైగా ఆ 24 మందినీ చాలా జాగ్రత్తగా, పదేపదే పరీక్ష సూదులు వేసి ఎంచుకున్నారు. బయట అంత జల్లెడ పట్టడం తక్కువ. 2017లో నెదర్లాండ్స్ పరిశోధకులు నడుం నొప్పి మీద చేసిన పెద్ద అధ్యయనంలో, వ్యాయామానికి ఈ చికిత్సను జోడించినా చెప్పుకోదగ్గ అదనపు లాభం కనిపించలేదు. 2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక వెన్ను, మెడ నొప్పులకు దీన్ని వాడొద్దనే సూచించాయి. నొప్పి వైద్యుల సంఘాలు దాన్ని గట్టిగా ఖండించాయి. రోగిని సరిగ్గా ఎంచుకోకుండా చేసిన అధ్యయనాలను కలిపి తూచారన్నది వాళ్ల వాదన. వాదన తేలేదాకా సామాన్యుడికి తెలియాల్సింది ఒకటే. మాత్రలూ వ్యాయామమూ ఫలితమివ్వక, పరీక్ష సూదితో నొప్పి స్పష్టంగా తగ్గినవాళ్లే దీని గురించి ఆలోచించాలి.

చేతిలోకి పాకితే...

మెడ నుంచి భుజం మీదుగా వేళ్ల దాకా జివ్వున పాకే నొప్పి వేరే కథ. డిస్కు జారి చేతి నరం మొదలును నొక్కితే అలా వస్తుంది. ఆ నరాన్ని ఇలా కాల్చరు. కాలిస్తే చెయ్యి బలం పోయే ప్రమాదం ఉంది. ఇంట్లోవాళ్ల భయం నిజమయ్యేది అక్కడే! ఈ నొప్పి చాలామందికి కొద్ది వారాల్లో, నెలల్లో దానంతటదే నెమ్మదిస్తుంది. తగ్గనివాళ్లలో కొందరికి 42 డిగ్రీలు దాటని 'పల్స్‌డ్' పద్ధతి వాడుతున్నారు. అది నరాన్ని కాల్చదు.

ముఖంలో ఒకవైపు కరెంటు షాకులా కొట్టే ట్రైజెమినల్ న్యూరాల్జియాకు మాత్రం వేడి సూది పాత చుట్టమే. అమెరికా వైద్యుడు విలియం స్వీట్, తన సహచరుడితో కలిసి 1974లో ఈ పద్ధతిని వివరంగా ప్రచురించారు. దీన్ని పంటి నొప్పి అనుకుని ఉన్న పళ్లు పీకించుకునేవాళ్లూ ఉన్నారు. కార్బమజెపీన్ లాంటి మందులకు లొంగనప్పుడే సూది దాకా వెళ్తారు. నొప్పి పోయినా ముఖం కొంత మొద్దుబారొచ్చు.

కుస్తీ వీరుడి క్లినిక్

నొప్పికి ప్రత్యేక వైద్యం అన్న ఆలోచనకు బాట వేసినవాడు అమెరికా మత్తు డాక్టరు జాన్ బోనికా. చదువు ఖర్చులకోసం ముసుగేసుకుని కుస్తీలు పట్టాడు. ఆ దెబ్బలతో జీవితమంతా నొప్పులతోనే గడిపాడు. 1953లో ఆయన రాసిన నొప్పి చికిత్స గ్రంథం ఈ రంగానికి పునాది. ఇప్పటికీ పెయిన్ క్లినిక్కుల్లో మత్తు డాక్టర్లే ఎక్కువగా కనిపిస్తారు.

డాక్టర్ని ఇవి అడగండి

* నా నొప్పి కీలుదా, డిస్కుదా, కండరానిదా?
* పరీక్ష సూది ఎన్నిసార్లు వేస్తారు? ఎంత తగ్గితే ముందుకెళ్తారు?
* ఎన్ని నరాలకు చేస్తారు? మొత్తం ఖర్చెంత? మళ్లీ చేయాల్సొస్తే?
* ఆ తర్వాత ఏ వ్యాయామాలు చేయాలి?

చేతిలో వస్తువులు జారిపోతున్నా, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయినా, నడక తూలుతున్నా, మూత్రం మీద పట్టు తప్పినా, నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం ఉన్నా సూదులూ కాపడాలూ పక్కనపెట్టి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇక, సెలూన్లో మెడ టకటకా విరిపించుకునే అలవాటుంటే మానేయాలి. మెదడుకు వెళ్లే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి.

నొప్పి తగ్గిన ఆ కొన్ని నెలలూ ఎలా వాడుకున్నారన్నదే చివరికి లెక్క. నొప్పి లేదు కదా అని మళ్లీ పొద్దంతా తల వంచి కూర్చుంటే కథ మొదటికొస్తుంది. అరగంటకోసారి మగ్గం మీంచి తల ఎత్తడం, భుజాలు వెనక్కి తిప్పడం, ఫిజియోథెరపిస్టు నేర్పిన మెడ వ్యాయామాలు రోజూ చేయడం... సూది తెచ్చిన ఊరటను నిలబెట్టేవి ఇవే. ఖర్చు లేనివీ ఇవే!