పెర్ల్ భాషలో మాడ్యూలు కనబడనప్పుడు

గ్రంథాలయంలో పుస్తకమే లేకపోవడం వేరు, మనము వెదికిన బీరువాలో లేకపోవడం వేరు. 1987లో లారీ వాల్ వెలువరించిన పెర్ల్ భాషను అభ్యసించే విద్యార్థులు ఈ భేదాన్ని తరచు విస్మరిస్తారు. ‘మాడ్యూలు దొరకలేదు’ అన్న సందేశం కనబడగానే దానిని మరల స్థాపించడానికి పూనుకుంటారు. మేమూ ఒకప్పుడు అట్లు చేసినవారమే.

పెర్ల్ కంప్యూటరునంతా గాలించదు. ‘ఇంక్’ అనే పట్టికలోని డైరెక్టరీలను వరుసగా చూచి, మొదట దొరికిన ఫైలును గ్రహించి ఆగిపోతుంది. దొరకనిచో తాను వెదికిన డైరెక్టరీలన్నిటినీ దోష సందేశంలోనే పేర్కొంటుంది. ఆ సందేశాన్ని తుదివరకు చదివేవారు అరుదు! మాడ్యూలు పేరులోని జంట కోలన్లు ఫైలు మార్గంలో ఏటవాలు గీతగా మారుతాయి. లినక్స్‌లో ఒక పెద్ద అక్షరం చిన్నదైనా ఫైలు దొరకదు.

పట్టికకు డైరెక్టరీని చేర్చడానికి పెద్ద ‘ఐ’ స్విచ్, ‘పెర్ల్5లిబ్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, ప్రోగ్రాములో వ్రాసే ‘యూజ్ లిబ్’ వాక్యం ఉన్నాయి. ఇందొక సూక్ష్మమున్నది. ‘యూజ్’ వాక్యాలు కంపైలు దశలోనే అమలవుతాయి. కనుక మామూలు వాక్యంతో పట్టికకు చేర్చిన డైరెక్టరీ, ఆ వాక్యాన్ని పై వరుసలో వ్రాసినప్పటికీ, పెండ్లి ముగిసిన పిమ్మట వచ్చిన మేళం వంటిదే. దానిని ‘బిగిన్’ బ్లాకులో ఉంచితే సకాలంలో అందుతుంది.

ఒక పరీక్ష మార్కుల జాబితాను తయారుచేసే ప్రోగ్రాము పగలు మేము నడిపితే చక్కగా నడిచేది; రాత్రి క్రాన్ నడిపితే ఆగిపోయేది. మాడ్యూలును మూడుసార్లు స్థాపించాము. ఫలితాలు రెండు దినాలు ఆలస్యమైనవి. విద్యార్థులు నోటీసు బోర్డు చూచి వెనుదిరుగుతుంటే మాకు తలయెత్తుకోలేని స్థితి ఏర్పడినది. తుదకు తేలిందేమనగా, పెర్ల్5లిబ్‌ను మేము లాగిన్ ఫైలులో వ్రాసుకున్నాము. క్రాన్ ఆ ఫైలును చదవదు. పూర్తి మార్గంతో ఒక్క ‘యూజ్ లిబ్’ వాక్యం వ్రాయగా చిక్కు వీడినది.

పాత ప్రోగ్రాములకు మరొక కారణం కలదు. 2017లో వెలువడిన 5.26 సంచికలో, ప్రస్తుత డైరెక్టరీని సూచించే చుక్కను పట్టిక నుండి తొలగించారు. అన్యులు అక్కడ అదే పేరుతో దుష్ట ఫైలును ఉంచవచ్చుననే భయం అందుకు హేతువు. ఆ చుక్కను తిరిగి చేర్చడం కన్న, అవసరమైన డైరెక్టరీని స్పష్టంగా పేర్కొనడమే మా దృష్టిలో మేలు.

మాడ్యూలు దొరికినా పాత ప్రతి దొరికినట్లు తోస్తే, శాతం గుర్తుగల ‘ఇంక్’ హాష్‌ను అచ్చువేసి చూడవలెను. ఏ ఫైలు ఎక్కడ నుండి వచ్చినదో అందులో నమోదై ఉంటుంది.