క్లచ్ మార్చే ముందు గేరు లెక్క చూడండి

2023 ఫిబ్రవరిలో అమెరికాలో జీప్ కంపెనీ 69,201 బళ్లను వెనక్కి పిలిచింది. అన్నీ మాన్యువల్ గేర్లవే. 2018 నుంచి 2023 మోడళ్ల దాకా రాంగ్లర్లు, 2020 నుంచి 2023 మోడళ్ల దాకా గ్లాడియేటర్ పికప్‌లు అందులో ఉన్నాయి. క్లచ్‌లోని ప్రెషర్ ప్లేటు మితిమీరి వేడెక్కి పగిలిపోవచ్చు. ఆ ముక్కలు క్లచ్ చుట్టూ ఉండే బెల్ హౌసింగ్‌ను చీల్చుకుని బయటపడి మంటలు లేపవచ్చు. వెనక్కి పిలవడానికి కారణం ఇదే. ఇదే లోపానికి 2020లో ఒకసారి, 2021 జనవరిలో 42,887 బళ్లకు మరోసారి పిలుపు వచ్చి ఉంది. 2021లో చూపిన మందు సాఫ్ట్‌వేర్. క్లచ్ ప్రమాదకరంగా వేడెక్కుతోందని కంప్యూటర్‌కు అనిపిస్తే ఇంజన్ బలాన్ని తగ్గించేస్తుంది. రెండేళ్లు తిరిగేసరికి అది చాలదని తేలింది. ఆ మరమ్మతు చేయించుకున్న బళ్లను కూడా మళ్లీ తీసుకురమ్మన్నారు.

ఇండియాలో అమ్మే రాంగ్లర్ ఆటోమేటిక్ మాత్రమే కాబట్టి ఈ పిలుపు ఇక్కడి బళ్లకు తగలదు. టెక్సస్‌లోనో ఆరిజోనాలోనో మాన్యువల్ రాంగ్లర్ నడుపుతున్న మనవాళ్లు మాత్రం తమ బండి 17 అక్షరాల విన్ నంబరును అక్కడి ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో ఒకసారి కొట్టి చూసుకోవడం మంచిది. అయితే ఈ వ్యవహారం వెనకున్న భౌతికశాస్త్రం జీప్ ఒక్కదానిది కాదు. వికారాబాద్ అడవి దారుల్లో థార్ ఎక్కించేవాళ్లకూ, పాడేరు ఘాట్‌లో నిండా మనుషులతో కమాండర్ జీపు నడిపేవాళ్లకూ అదే వర్తిస్తుంది. క్లచ్ కాలిన వాసన రాగానే "గట్టి క్లచ్ వేయించాలి" అనుకోవడం అంతటా అలవాటు. ఆ మాట ఎప్పుడు నిజమో, ఎప్పుడు డబ్బు దండగో తేల్చుకోవాలంటే వేడి ఎక్కడ పుడుతుందో ముందు తెలియాలి.

ఇంజన్ వెనక ఫ్లైవీల్ తిరుగుతూ ఉంటుంది. దాన్ని ఆనుకుని క్లచ్ ప్లేటు, దాని వెనక ప్రెషర్ ప్లేటు. పెడల్ వదిలితే ప్రెషర్ ప్లేటులోని డయాఫ్రమ్ స్ప్రింగు క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పడుతుంది. పూర్తిగా పట్టినప్పుడు రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి కనుక రాపిడి లేదు, వేడీ లేదు. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు తగలనే తగలవు కనుక అప్పుడూ లేదు. వేడంతా ఆ రెంటి మధ్య పుడుతుంది. మన డ్రైవర్లు హాఫ్ క్లచ్ అనే స్థితి అది. ఎంత టార్కు మోస్తోంది, రెండు వైపుల వేగాల్లో ఎంత తేడా ఉంది, ఈ రెంటినీ గుణిస్తే క్లచ్‌లో పుట్టే వేడి వస్తుంది. 200 న్యూటన్ మీటర్ల టార్కు మోస్తూ నిమిషానికి 1,000 చుట్ల తేడాతో జారుతున్న క్లచ్‌లో దాదాపు 21 కిలోవాట్ల వేడి పుడుతుంది. ఇళ్లలో వాడే 2 కిలోవాట్ల గీజర్లు పదింటిని ఒకేసారి వేసినంత.

గీజర్‌లో ఆ వేడి తీసుకుపోవడానికి నీళ్లుంటాయి. క్లచ్‌కు ఏమీ ఉండదు. ఆటోమేటిక్ బండిలోని టార్క్ కన్వర్టర్ కూడా జారుతుంది, వేడెక్కుతుంది. కానీ దానిలోని ఆయిల్ ఆ వేడిని కూలర్‌కు మోసుకుపోతుంది. మాన్యువల్‌లో ఉండే పొడి క్లచ్‌కు దిక్కు రెండు ఇనప దిమ్మలే: ఒకటి ఫ్లైవీల్, ఇంకోటి ప్రెషర్ ప్లేటు. పుట్టిన వేడిని చెరిసగం అవే మింగాలి, తర్వాత నెమ్మదిగా చుట్టూ ఉన్న గాలికి వదలాలి. ఆఫ్‌రోడ్ బళ్లలో వాగు నీళ్లు, బురద చొరబడకుండా బెల్ హౌసింగ్‌ను బాగా మూసేస్తారు కనుక ఆ గాలీ అంతగా ఆడదు. ఫ్లైవీల్ కంటే ప్రెషర్ ప్లేటు సాధారణంగా పలచన. అంతే వేడి మింగి అది ఎక్కువ కాగుతుంది. ముందు పగిలేది అదే కావడంలో ఆశ్చర్యం లేదు. పోత ఇనుము కాగేకొద్దీ బలం తగ్గుతుంది. కాగి చల్లారి, కాగి చల్లారి ముఖం మీద సన్నని పగుళ్లు బారతాయి. నిమిషానికి మూడు నాలుగు వేల చుట్లు తిరుగుతున్నప్పుడు ఆ పగులు దగ్గర విడిపోతే ముక్క తూటాలా బయటికి వస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క. రాంగ్లర్ రూబికాన్ మాన్యువల్‌ను తీసుకుందాం. ఫస్ట్ గేరు రేషియో 5.13, యాక్సిల్ 4.10, టైరు 33 అంగుళాలు, బరువు సుమారు 2,000 కిలోలు. సమతలంలో ఇంజన్‌ను 1,500 చుట్ల దగ్గర నిలిపి క్లచ్ వదిలితే, అది పూర్తిగా పట్టేసరికి బండి గంటకు సుమారు 11 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఇలా ఎత్తినప్పుడు బండికి ఎంత గతిశక్తి వస్తుందో సరిగ్గా అంతే శక్తి క్లచ్‌లో వేడిగా పోతుంది. ఇక్కడ అది దాదాపు 9.8 కిలోజౌళ్లు. మీరు క్లచ్ ఎంత మెల్లగా వదిలారు, ఎంత వేగంగా వదిలారు అన్నదానితో నిమిత్తం లేదు, ఇంజన్ వేగం అదే అయితే మొత్తం అంతే. ఈ బండికే 4:1 లో రేంజ్ ఉంది, అంటే చక్రాల వేగాన్ని నాలుగో వంతుకు తగ్గించే అదనపు గేరు. అది వేసి అదే ఫస్ట్ గేరులో ఎత్తితే క్లచ్ పట్టేటప్పటి వేగం నాలుగో వంతు. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక వేడి పదహారో వంతు, అంటే 0.6 కిలోజౌళ్లు. ఒక్క లివర్ కదిపినందుకు ఇంత తేడా. మన థార్‌లో లో రేంజ్ 2.48 కాబట్టి అందులో వేడి ఆరో వంతుకు దిగుతుంది.

ఎక్కుడులో సంగతి చూస్తే ఇంకా భయం వేస్తుంది. 15 డిగ్రీల వాలు మీద, ముందు బండి ఎక్కేదాకా మీరు బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్‌తో నిలబెట్టారనుకోండి. చాలామంది చేసేదే. బండి కదలడం లేదు కాబట్టి క్లచ్‌కు వచ్చే శక్తి మొత్తం వేడే. 1,200 చుట్ల దగ్గర అది దాదాపు 13 కిలోవాట్లు. అర నిమిషం నిలబెడితే 380 కిలోజౌళ్లకు పైమాట, సమతలంలో దాదాపు నలభై సార్లు బండి ఎత్తినంత. ఘాట్ రోడ్డు మీద ఇలా నాలుగు మలుపులు నిలబెట్టిన డ్రైవర్, ఆ రోజు తాను గట్టిగా తోలలేదనే అనుకుంటాడు.

అందుకే నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఎక్కువ అదుము బలం ఉన్న క్లచ్ వేడిని తగ్గించదు. జారడంలో రెండు రకాలున్నాయి. పెడల్ మీద కాలు లేకపోయినా ఇంజన్ బలానికి ఆగలేక క్లచ్ జారుతుంటే, అంటే రేస్ చేస్తే ఇంజన్ మోగుతోంది గానీ బండి ముందుకు పోవడం లేదంటే, అప్పుడు గట్టి ప్రెషర్ ప్లేటు అవసరమే. ఇంజన్ ట్యూన్ చేయించుకున్నవాళ్లకు, టర్బో వేయించుకున్నవాళ్లకు వచ్చేది ఈ జబ్బు. డ్రైవర్ కాలితో జార్చే జారుడు రెండోది. అందులో ఎంత ఖరీదైన క్లచ్ వేసినా పైన వేసిన లెక్కలో ఒక్క అంకె కూడా మారదు. బలమైన క్లచ్ ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది, అంతే. ఆఫ్‌రోడ్‌లో కాలే క్లచ్‌లలో అధికభాగం ఈ రెండో రకమే.

టైర్లు పెంచినవాళ్లు మరీ జాగ్రత్తగా వినాలి. 33 అంగుళాల చోట 37 వేస్తే గేరు 12 శాతం బరువెక్కినట్టే. వర్గం చేస్తే బండి ఎత్తిన ప్రతిసారీ వేడి నాలుగో వంతు పెరుగుతుంది, టైరు బరువు సంగతి పక్కన పెట్టినా. దీనికి మందు యాక్సిల్ గేర్లు మార్చడం. 4.10 తీసి 4.88 వేస్తే 37 అంగుళాల టైర్లతో కూడా క్లచ్ మీద భారం కంపెనీ నుంచి వచ్చినప్పటికంటే కొంచెం తక్కువే. ముందు, వెనక రెండు యాక్సిళ్లూ విప్పాలి, ఖర్చు ఎక్కువ, పని తెలిసిన చెయ్యి కావాలి. అయినా క్లచ్ కోసం పెట్టే డబ్బులో మొదటి రూపాయి ఇక్కడే పెట్టాలంటాను.

లో రేంజ్‌కు ఒక అడ్డంకి ఉంది. ఇలాంటి బళ్లలో సాధారణంగా లో రేంజ్ వేస్తే ముందు, వెనక చక్రాలు కలిసి బిగుసుకుంటాయి. మట్టి మీద, ఇసుకలో చక్రాలు కాస్త జారి సర్దుకుంటాయి. పొడి తారు రోడ్డు మీద మలుపు తిప్పితే ఆ బిగువు షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. ట్రైలర్ తగిలించుకుని సిమెంటు రోడ్డు మీద రివర్స్ చేసే మనిషికి లో రేంజ్ కావాలి, కానీ వాడలేడు. క్లచ్‌లు చచ్చే చోటు అదీ ఒకటి. మాన్యువల్ గ్లాడియేటర్ రూబికాన్‌కు కంపెనీ ఇచ్చిన లాగుడు పరిమితి 4,500 పౌన్లు, అంటే సుమారు 2,040 కిలోలు. గ్లాడియేటర్ ఆటోమేటిక్‌లకు ఆ పరిమితి చాలా ఎక్కువ. 2025 మోడల్ నుంచి గ్లాడియేటర్‌లో మాన్యువల్ ఆపేశారు.

సాఫ్ట్‌వేర్ మందు గురించి ఒక మాట. క్లచ్ లోపల వేడి కొలిచే సాధనం సాధారణంగా ఉండదు. కంప్యూటర్ టార్కు, వేగాల తేడా చూసి లెక్క గట్టి ఊహిస్తుంది. ఊహ తప్పితే ఆలస్యమవుతుంది, ఊహ సరైనదైతే బండికి బలం బాగా అవసరమైన ఎక్కుడులోనే బలం తగ్గిపోతుంది. మంటల కంటే అది మేలే, సందేహం లేదు. కానీ వేడిని మింగే ఇనుమును పెంచకుండా, గేరు మార్చకుండా చేసే వైద్యానికి హద్దు దగ్గరే ఉంటుంది.

చేతిలో ఉన్న క్లచ్‌ను కాపాడుకునే పద్ధతుల్లో నాకు బాగా నచ్చేది పాత ఆఫ్‌రోడ్ డ్రైవర్లది. నిట్టనిలువు రాతి ఎక్కుడులో ఇంజన్ ఆగిపోతే, లో రేంజ్ ఫస్ట్ గేరులోనే ఉంచి, క్లచ్ తొక్కకుండా సెల్ఫ్ కొడతారు. స్టార్టర్ మోటారు బండిని ముందుకు నెడుతుండగానే ఇంజన్ అందుకుంటుంది. క్లచ్‌లో పుట్టిన వేడి సున్నా. మామూలుగా క్లచ్ తొక్కందే సెల్ఫ్ తీసుకోదు కాబట్టి, టొయోటా తన టకోమా మాన్యువల్ పికప్‌లలో ఆ అడ్డు తీసేయడానికి ప్రత్యేకంగా ఒక బటనే పెట్టింది.

వాసన వచ్చేసిందంటే ఆగండి. న్యూట్రల్ వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలు పెడల్ మీద నుంచి పూర్తిగా తీసి, ఇంజన్‌ను నడవనివ్వండి. ఫ్లైవీల్ తిరుగుతుంటే బెల్ హౌసింగ్‌లో ఉన్న కాస్త గాలీ కదులుతుంది. ఐదు నిమిషాలు చాలవు. అంత ఇనుము చల్లారడానికి చాలా సేపు పడుతుంది. ఆ తర్వాత పెడల్ తేలికైనట్టు ఉన్నా, పట్టే చోటు మారినా, డయాఫ్రమ్ స్ప్రింగు వేడికి మెత్తబడిందేమో, హైడ్రాలిక్ ఆయిల్ మరిగిందేమో చూపించాలి.

క్లచ్ మార్చక తప్పని రోజు వస్తే రకం ఎంచుకోవడం మీ వాడకాన్ని బట్టి. రెసిన్‌తో చేసే ఆర్గానిక్ ప్లేటు మెత్తగా పడుతుంది, రాళ్ల మీద అంగుళం అంగుళం కదపడానికి అదే మంచిది, కానీ కాలితే గాజులా నున్నబడి పట్టు పోతుంది. సెరామిక్ ముక్కల ప్లేటు ఎంతో వేడి ఓర్చుకుంటుంది, అయితే ఒక్కసారిగా పట్టేస్తుంది. బండి గెంతుతుంది, ఆ కుదుపు షాఫ్టులకు చేరుతుంది. రాళ్లలో మెల్లగా పాకాల్సిన బండికి దాన్ని నేను సిఫారసు చేయను. బరువైన ఫ్లైవీల్, మందమైన డక్టైల్ ఇనుము ప్రెషర్ ప్లేటు ఉన్న సెట్టు వేడిని మింగే ఇనుమును పెంచుతుంది, పగుళ్లకు తట్టుకుంటుంది. రేసుల్లో వాడే క్లచ్, ఫ్లైవీళ్లకు ఎస్ఎఫ్ఐ 1.1 అనే ప్రమాణం ఉంది. అది ఉన్న సెట్టు పేలకుండా పరీక్షకు నిలిచినదని అర్థం.

గేర్‌బాక్స్ దించినప్పుడు ప్లేటు ఒక్కటే మార్చి ఎక్కించేయమని మెకానిక్‌కు చెప్పకండి. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, సన్నని పగుళ్లు ఉన్నాయేమో మీరే చూడండి. పగులు ఉంటే ఫేసింగ్ కొట్టించినా పనికిరాదు, మార్చాలి. రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, క్రాంక్ వెనక ఆయిల్ సీలు అప్పుడే చూసుకోవాలి. కారిన ఆయిల్ ఒక్క చుక్క చాలు, కొత్త ప్లేటు జారడానికి. ఎక్కించాక మొదటి 800 కిలోమీటర్లు ఊళ్లో మామూలుగా గేర్లు మారుస్తూ నడపండి. ట్రైలర్, ఇసుక, కొండ, ఏవైనా ఆ తర్వాతే.