నల్లాలం మన తెలివి, సూది మన హక్కు

సైబర్ టవర్స్ దాటి కొండాపూర్ వైపు పోయే దారిలో కొత్త మేడ ఒకటి లేస్తున్నది. ఒక ఉదయం మేము అక్కడ నిలబడ్డాం. ఇనుప చువ్వలు మోస్తున్న పాలమూరు కూలీ ఒకామె వేలు తెగింది. ఆమె ఎవరినీ పిలవలేదు. పక్కనున్న ఖాళీ ప్లాటులోకి పోయి, నేలకు పాకిన మొక్క నుంచి నాలుగాకులు తెంపింది. అరచేతిలో నలిపి పసరు వేలి మీద పిండింది. కొంగు పేలిక చింపి కట్టింది. మళ్ళీ మోతకు పోయింది.

"దవాఖానకు పోవద్దా అవ్వా?" అని అడిగాం.

"పోతే దినం కూలి పాయె బిడ్డా. నల్లాలం ఉండంగ దవాఖాన ఎందుకు? కోతలల్ల చెయ్యి తెగినా గిదే పెట్టుకుంటిమి" అన్నది.

ఆమె మాటలో సగం నిజం ఉంది, సగం ప్రమాదం ఉంది. రెంటినీ విడదీసి చెప్పుకోవడం మనకు అవసరం.

ఏది నల్లాలం?

నల్లాలాన్నే గడ్డి చేమంతి అంటారు. ఈ ఆకుతో పలకలు రుద్దుకున్నవాళ్ళు పలకాకు అంటారు. నేల మీద పాకుతుంది. ఆకులు గరుకుగా, అంచున పళ్ళతో, నూగుతో ఉంటాయి. సన్నని పొడవాటి కాడ చివర ఒక్కటే పువ్వు: నడుమ పసుపు, చుట్టూ తెల్లని రేకలు. పొలం గట్టున, రోడ్డు పక్కన, మేడల మధ్య మిగిలిన ప్లాటులో, ఎక్కడైనా మొలుస్తుంది.

దీన్ని వయ్యారిభామతో పొరబడకూడదు. వయ్యారిభామ నిటారుగా పెరుగుతుంది. ఆకు క్యారెట్ ఆకులా చీలికలుగా ఉంటుంది, చిన్న తెల్లని పూలు గుత్తులుగా పూస్తాయి. అది ఒంటికి తగిలితే చాలామందికి దురద, దద్దుర్లు వస్తాయి, ఉబ్బసమూ రావచ్చు. కొత్తగా వచ్చిన పిల్లలకు ఈ తేడా పెద్దవాళ్ళు చూపించాలి.

తెలివి ఎవరిది?

నల్లాలం మన దేశంలో పుట్టిన మొక్క కాదు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చింది. కనుక ప్రాచీన గ్రంథాలకు ఇది తెలిసే అవకాశం లేదు. ఎక్కడినుంచో వచ్చిన గడ్డిని పరీక్షించి, చిన్న తెగుడుకు పనికొస్తుందని తేల్చింది కలుపు తీసినవాళ్ళు, పశువులు కాసినవాళ్ళు. తరవాత శాస్త్రజ్ఞులు ఎలుకల మీద పరీక్షిస్తే గాయం మానడానికి తోడ్పడే గుణం కనిపించింది. మనుషుల మీద పెద్ద పరీక్షలతో రుజువైన మందు మాత్రం కాదు.

ఈ తెలివికి విలువ ఎంతో పసుపు కథ చెబుతుంది. గాయాలకు పసుపు వాడడం మీద 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయానికి పేటెంటు ఇచ్చారు. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి పాత రాతలను సాక్ష్యంగా చూపి కొట్లాడితే 1997లో అది రద్దయింది. పసుపుకు రాతలున్నాయి. కూలీల నోటి తెలివికి రాతలెక్కడివి? అందుకే రాసిపెట్టుకుందాం.

మలాము చేసే తీరు

శుభ్రమైన చోట మొలిచిన ఆకు తేవాలి. మురికి కాల్వ పక్కది, గడ్డిమందు కొట్టిన చోటిది వద్దు. రెండు దోసిళ్ళ ఆకు కడిగి, తడి పోయేదాకా నీడన ఆరబెట్టి, దంచాలి. పావు లీటరు నువ్వుల నూనెలో వేసి సన్నసెగ మీద కాచాలి. చిటపటలు ఆగి ఆకు కరకరలాడితే దించి, గుడ్డలో వడగట్టాలి. ఆ వేడి నూనెలో 25 గ్రాముల తేనె మైనం కరిగించి, తడిలేని సీసాలో పోయాలి. చల్లారితే మలాము గట్టిపడుతుంది. తడి చెయ్యి పెట్టకూడదు. వాసన మారితే పారెయ్యాలి.

పని దిగాక కాళ్ళూ చేతులూ కడుక్కుని పగిలిన మడమలకు, సిమెంటుకు ఎండి మొద్దుబారిన చేతులకు రాసుకోవచ్చు. మొదట కొంచెం రాసి చూడాలి. దురద పుడితే మానెయ్యాలి. పచ్చి గాయం మీద ఈ మలాము వద్దు.

ఆకు ఎక్కడ ఆగిపోవాలి?

పైపైన తెగితే మంచినీళ్ళతో, సబ్బుతో కడగడమే మొదటి మందు. పసరు ఆ తరవాతి మాట, అదీ కడిగిన ఆకుతోనే. ఆకు నమిలి ఉమ్మడం, మట్టి అద్దడం చెయ్యకూడదు. ధనుర్వాతం పుట్టించే క్రిములు మట్టిలోనే ఉంటాయి.

మేకు దిగినా, చువ్వ గుచ్చుకున్నా, గాయం లోతుగా ఉన్నా, నెత్తురు ఆగకపోయినా ఆకు జోలికి పోవద్దు. కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి దవాఖానకు పోవాలి, ధనుర్వాతం సూది సంగతి అడగాలి. ఆ చుట్టుపక్కల పనిచేసేవాళ్ళకు కొండాపూర్‌లో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. అప్పుడు పసరూ నూనే కాదు, ధారాళంగా నీళ్ళు పోసి కడిగి డాక్టరుకు చూపాలి.

ఇదంతా కూలీలకు తెలియక కాదు. దినం కూలి పోతుందనే భయం వాళ్ళను ప్లాటులోకి నడిపిస్తున్నది. ఆ భయం కాంట్రాక్టరుకు లాభం. నల్లాలం ఉచితంగా మొలుస్తున్నంతకాలం అతడికి దూది ఖర్చు కూడా ఉండదు! నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టం, పని జరిగే ప్రతి చోటా ప్రథమ చికిత్స ఏర్పాటు యజమానే చెయ్యాలన్నది. దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమలుకు వచ్చిన కోడ్‌ను కార్మిక సంఘాలు వ్యతిరేకిస్తున్నాయి. అయినా ప్రథమ చికిత్స పెట్టె యజమాని బాధ్యత అన్న మాట అందులోనూ ఉంది.

కనుక అడ్డా మీద కూలి మాట్లాడుకునే పూటే మరో మాట అడుగుదాం: "మేస్త్రీ, మందుల పెట్టె ఏదీ? దెబ్బ తగిలితే దవాఖానకు ఎవరు తోల్కపోతరు? ఆ దినం కూలి ఇస్తరా?" ఒక్కరు అడిగితే పనిలోంచి తీసేస్తారు. పదిమంది కలిసి అడిగితే పెట్టె వస్తుంది.

ఆకు గుణం మన పిల్లలకు చెబుదాం. హక్కు సంగతి కూడా ఆ నోటితోనే చెబుదాం.