పెరట్లో పట్టాలెక్కిన ఊరు

లండన్‌కు వాయవ్యాన, బకింగ్‌హమ్‌షైర్‌లో బీకన్స్‌ఫీల్డ్ అనే పట్టణం ఉంది. అక్కడ వార్విక్ రోడ్డులో, మామూలు ఇళ్ల వెనకాల ఎకరంన్నర పెరడు. అందులో అడుగుపెట్టగానే మనిషి అమాంతం పెరిగిపోతాడు. పెంకుటిళ్ల కప్పులు మోకాళ్ల దగ్గరుంటాయి. ఆరడుగుల ఆసామి ఆరంగుళాలే ఉంటాడు. పచ్చిక మీద క్రికెట్ ఆట, ఆ పక్కన గాలిమర, ఇంకో మూల బొగ్గుగని, జంతుప్రదర్శనశాల, చేపల రేవు... వీటన్నిటినీ కలుపుతూ కటింగుల్లోంచి, వంతెనల మీదుగా, సొరంగాల్లోంచి రైళ్లు తిరుగుతుంటాయి. దీని పేరు బెకన్‌స్కాట్. 1929 నుంచీ ఉంది. ప్రపంచంలో ఇప్పటికీ నిలిచి ఉన్న నమూనా గ్రామాల్లో ఇదే అన్నిటికంటే పాతదని చెబుతారు.

దీన్ని కట్టించిన రోలండ్ కాలింగ్‌హామ్ లండన్‌లో పేరున్న అకౌంటెంటు. రోజంతా అంకెలతో గడిపే మనిషికి ఇంట్లో బొమ్మ రైళ్ల పిచ్చి. ఆ పిచ్చి గదులు దాటి విస్తరించేసరికి ఆయన భార్యకు విసుగొచ్చి, ఇంట్లో ఉంటే రైళ్లయినా ఉండాలి, నేనైనా ఉండాలి అందని అక్కడ చెప్పుకుంటారు. అందులో నిజమెంతో గానీ, ప్రపంచంలోని పెరటి రైళ్లలో సగం ఇలాగే బయటికి వచ్చి ఉంటాయని నా అనుమానం. కాలింగ్‌హామ్ పక్కనున్న స్థలం కూడా కలుపుకున్నాడు. తోటమాలి టామ్ బెరీని ముందు నిలబెట్టి వంటమనిషినీ, పనమ్మాయినీ, కారు డ్రైవరునీ కూడా పనిలోకి దించాడు. ఈతకొలను సముద్రమైంది. రాళ్లగుట్టలు కొండలయ్యాయి. రైలు పని మాత్రం ఇంటివాళ్లకు వదల్లేదు. ఆ రోజుల్లో బొమ్మ రైళ్లకు పెట్టింది పేరైన నార్తాంప్టన్ కంపెనీ బాసెట్-లోక్‌కు అప్పగించాడు.

డబ్బు చేసుకోవాలని కట్టింది కాదిది. వారాంతాల్లో స్నేహితులను పిలిచి చూపించుకోవడానికి కట్టుకున్నది. పత్రికల్లో రాశాక జనం రావడం మొదలైంది. వాళ్లిచ్చిన డబ్బు ధర్మకార్యాలకు పోయేది, ఇప్పటికీ పోతోంది. 1934లో ఎనిమిదో పుట్టినరోజుకు కాస్త ముందు యువరాణి ఎలిజబెత్ ఇక్కడికి వచ్చింది. ఇదే పట్టణంలో గ్రీన్ హెడ్జెస్ అనే ఇంట్లో ఎనిడ్ బ్లైటన్ ఏళ్ల తరబడి ఉండేది. మన పిల్లలు కూడా ఆమె పుస్తకాలు చదువుతూనే పెరిగారు. ఆ ఇంటిని 1973లో పడగొట్టేశారు. దాని నమూనా మాత్రం ఈ పెరట్లో చెక్కుచెదరకుండా ఉంది.

రైలు దగ్గరికొద్దాం. ప్రధాన స్టేషన్ పేరు మేరీలూ. లండన్ స్టేషన్లు మెరిలబోన్, వాటర్లూ రెండిటినీ కలిపి పెట్టిన పేరు. అక్కడి సిగ్నల్ క్యాబిన్‌లో ఉన్న లివర్లు బొమ్మలు కావు. పర్లీ అనే చోట నిజం రైళ్లకు దారి చూపిన లివర్ ఫ్రేమునే తెచ్చి బిగించారు. ఆ లివరు లాగితే బయట అంగుళాల సిగ్నలు రెక్క వాలుతుంది. పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. అక్కడి అసలు రైలుకు 1,435. అంటే రైలు 32 వంతుల్లో ఒక వంతు. ఇళ్లేమో పన్నెండింట ఒక వంతు లెక్కన కట్టారు. ఆ లెక్కకు సరిపోవాలంటే పట్టాల మధ్య 120 మిల్లీమీటర్లు ఉండాలి. అకౌంటెంటు గారి లెక్క ఇక్కడ బొత్తిగా కుదరలేదు. అయినా రైలు వంతెన ఎక్కుతుంటే ఆ సంగతి ఎవరికీ పట్టదు. కంటికి కావలసింది కొలత కాదు, కదలిక.

బొమ్మ రైలుని ఆరుబయట నడపడంలో అసలు చిక్కు వేరే ఉంది. ఊరిని పన్నెండింట ఒక వంతుకు దించొచ్చు, ఇంజనుని 32 వంతుల్లో ఒక వంతుకు దించొచ్చు. వాన చినుకుని దించలేం. మూడు మిల్లీమీటర్ల చినుకు ఆ ఇంజనుకు బెత్తెడు వెడల్పు నీటిముద్ద. జానెడు ఆకు పట్టాల మీద పడితే, దాని లెక్కలో ఏడు మీటర్ల అడ్డు. నత్త పాకిన జిగట చాలు, చక్రం జారి ఇంజను ఆగిపోవడానికి. అందుకే బెకన్‌స్కాట్ పనివాళ్లలో రైల్వేవాళ్లెంత ముఖ్యమో తోటమాలులూ అంతే. చిన్నాకుల పొదలు, మరుగుజ్జు కోనిఫర్లు ఎంచుకుని నాటుతారు. వాటిని కత్తిరిస్తూనే ఉండాలి. కొన్నేళ్లు ఊరుకుంటే చెట్టు దాని అసలు కొలతకు ఎదిగిపోయి, ఊరు ఊరంతా దాని నీడలో పొదల కింద కలిసిపోతుంది.

మనమూ పెరట్లో రైలు వేసుకోవాలనుకుంటే, వాన తర్వాత చూడాల్సింది ఎండ సంగతి. అది మన పెరళ్లకు మరీ వర్తిస్తుంది. ఆరుబయట వేసే పట్టాలు చాలావరకు ఇత్తడివి. ఇత్తడి తుప్పు పట్టదు గానీ వేడికి ఉక్కు కంటే ఎక్కువ సాగుతుంది. పది మీటర్ల ఇత్తడి పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే ఆరు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. మన రాయలసీమలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం తెల్లవారుజాముతో పోలిస్తే ఎండలో ఉన్న లోహం అంతకు మించే వేడెక్కుతుంది. కదలకుండా సిమెంటులో బిగించేస్తే పట్టా పాములా మెలితిరుగుతుంది. పెద్ద రైల్వే పాత రోజుల్లో చేసిన పనే ఇక్కడా చెయ్యాలి. అతుకుల దగ్గర సందు వదిలి, పట్టాని కంకర మీద తేలేలా ఉంచాలి.

ఆ కంకర కూడా గుండ్రటి ఇసుకరాళ్లయితే పనికిరాదు, జారిపోతాయి. అంచులున్న చిప్స్ కావాలి. ఇళ్లు కట్టేవాళ్ల దగ్గర దొరికే 6 ఎంఎం బేబీ చిప్స్‌లో కాస్త క్రషర్ డస్ట్ కలిపితే ఒకదానికొకటి పట్టుకుని కూర్చుంటాయి. కింద జానెడు లోతు కాలువ తవ్వి రాళ్లు నింపితే నీళ్లు అటు పోతాయి, పట్టా పొడిగా ఉంటుంది. ఎత్తుకు ఎక్కించాల్సి వస్తే యాభై అడుగులకు ఒక్క అడుగు మించకపోతే మంచిది. అంతకన్నా ఎక్కువైతే ఇంజను ఎక్కుతుంది గానీ బోగీలను తగ్గించుకోవాలి. మలుపులు ఎంత విశాలంగా ఉంటే రైలు అంత నిండుగా కనిపిస్తుంది. చోటు లేనివాళ్ల కోసం 60 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో కూడా మలుపు పట్టాలు వస్తాయి.

ఇవన్నీ డబ్బున్నవాళ్ల సరదాగా మిగలకుండా ఇంటింటి పెరట్లోకి తెచ్చింది జర్మనీలోని న్యూరెంబర్గ్ లేమన్ కంపెనీ. 1968లో ఎల్‌జీబీ పేరుతో వానకూ మంచుకూ తట్టుకునే పెద్ద బొమ్మ రైలు తీసుకొచ్చింది. వాళ్లు ఎంచుకున్నదీ ఆ 45 మిల్లీమీటర్ల పట్టానే. కాకపోతే కొండదారుల్లో తిరిగే మీటర్ గేజి రైళ్లను నమూనాగా తీసుకున్నారు. అందుకే అదే పట్టా మీద ఇంజన్లు ఇంకాస్త బొద్దుగా ఉంటాయి. మీటర్ గేజిలో విజయవాడ నుంచి గుంతకల్లు వెళ్లిన తరానికి ఆ బొద్దుతనం వెంటనే పట్టుబడుతుంది. పట్టాల్లోంచి కరెంటు పంపితే ఇత్తడి మీద నల్లటి పొర కడుతుంది, రోజూ తుడవాలి. ఆ బాధ పడలేనివాళ్లు ఇప్పుడు ఇంజనులోనే బ్యాటరీ పెట్టి రిమోటుతో నడుపుతున్నారు. చిన్న బాయిలరులో నీళ్లు మరిగించి నిజంగా ఆవిరితోనే నడిపే చాదస్తులు కూడా ఉన్నారు. నా ఓటు వాళ్లకే.

బెకన్‌స్కాట్ ఒక దశలో కాలంతో పాటు పరుగెత్తింది. కొత్త భవనాలు, కొత్త రంగుల రైళ్లు వచ్చినప్పుడల్లా ఇక్కడా మార్చుకుంటూ పోయారు. 1992లో ఆగి, మొత్తం ఊరిని 1930ల రోజులకు తిప్పేశారు. మంచి నిర్ణయం. బయట ఎటూ దొరికే కాంక్రీటు చూడటానికి టికెట్టు కొనేదెవరు? 1978 నుంచి చర్చ్ ఆర్మీ అనే సేవాసంస్థ దీన్ని నడుపుతోంది. చూసిన జనం కోటిన్నర దాటారు. 2001లో పిల్లలు ఎక్కి కూర్చునే ఏడుంపావు అంగుళాల గేజి రైలు కూడా వచ్చింది. పెద్దవాళ్లు కూడా ఎక్కొచ్చు, మోకాళ్లు మడుచుకుని.

లండన్‌లో ఉన్న కొడుకు దగ్గరికో, కూతురు దగ్గరికో వెళ్లినవాళ్లకు ఇది ఒక పూట ప్రయాణం. మెరిలబోన్ స్టేషన్‌లో చిల్టర్న్ రైల్వే బండి ఎక్కితే అరగంట అటూఇటూగా బీకన్స్‌ఫీల్డ్. అక్కడి నుంచి నడకే, కారు అక్కర్లేదు. ఫిబ్రవరి మధ్య నుంచి నవంబరు మొదటి రోజుల వరకు తెరిచి ఉంటుంది. టికెట్టు ధర, వేళలు బయల్దేరే ముందు చూసుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం వెళ్లొద్దు. గేటు మూసి, ఇళ్ల కప్పులకు రంగులు వేసుకుంటూ, అరిగిన చక్రాలు మార్చుకుంటూ ఉంటారు.