సాల్హేర్ ఎక్కాలంటే సాయంత్రం నుంచి లెక్కపెట్టాలి

సూరత్ నుంచి ఒక్క రోజులో సహ్యాద్రి కోట ఎక్కి తిరిగి రావచ్చు. అయితే కాళ్ల బలం కన్నా ముందు గడియారంతో పని పడుతుంది

సూరత్ వాసికి తెలిసిన ఎత్తు ఫ్లైఓవర్లే. తాపీ నది ఒడ్డున సముద్రమట్టానికి పది పదిహేను మీటర్ల ఎత్తులో పరచుకున్న నగరమిది. లింబాయత్ వైపు మరమగ్గాల షెడ్లలో పనిచేసే తెలుగువారిలో చాలామంది తెలంగాణ గుట్టల నీడన పుట్టినవారో, వారి పిల్లలో. అలాంటి మిత్రుడొకరు ఒకసారి ఎక్కడికైనా కొండెక్కడానికి వెళ్దామన్నాడు. షరతు ఒక్కటే. ఒక్క రోజులో వెళ్లి రావాలి. మర్నాడు పొద్దున పన్నెండు గంటల షిఫ్టుకు మగ్గం దగ్గర లేకపోతే ఆ రోజు కూలి పోయినట్టే.

ఈ ప్రాంతంలో కొండ అనగానే అందరూ చెప్పేది సాపుతారా. అక్కడ సరస్సులో పడవలుంటాయి, రోప్‌వే ఉంటుంది, మొక్కజొన్న పొత్తులు దొరుకుతాయి. చెమట పట్టదు. మేం ఎంచుకున్నది దానికి తూర్పున, గుజరాత్ సరిహద్దు దాటగానే మహారాష్ట్రలోని నాశిక్ జిల్లాలో ఉన్న సాల్హేర్. ఎత్తు 1,567 మీటర్లు. మహారాష్ట్రలో కల్సూబాయి తర్వాత ఎత్తయిన శిఖరం, అక్కడి కోటలన్నింటిలో ఎత్తయినది ఇదే. 2025 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన 12 మరాఠా కోటల్లో ఇదొకటి.

సూరత్‌తో ఈ కోటకున్న బంధం పాతది, కాస్త చేదుది కూడా. శివాజీ 1664లో ఒకసారి, 1670 అక్టోబర్‌లో మరోసారి ఈ రేవు పట్టణాన్ని కొల్లగొట్టాడు. రెండోసారి తిరిగి వెళ్తుండగా దిండోరి దగ్గర మొగల్ సేన అడ్డుపడితే పోరాడి దారి చేసుకున్నాడు. కొద్ది నెలలకే, 1671 జనవరిలో, సాల్హేర్ మరాఠాల వశమైంది. దాన్ని తిరిగి పట్టుకునేందుకు మొగలులు ముట్టడి వేయగా, 1672లో మోరోపంత్ పింగళే, ప్రతాప్‌రావ్ గుజర్‌ల సేనలు కోట కింది మైదానంలో వారిని ఓడించాయి. చాటుమాటు దాడులకు పేరుబడ్డ మరాఠాలు బాహాటంగా ఎదురునిలిచి గెలిచిన పెద్ద యుద్ధమది. సూరత్ నుంచి కారులో వెళ్తూ ఈ చరిత్ర చెబితే, మా మిత్రుడు అడిగింది ఒక్కటే. అప్పట్లో గుర్రం మీద ఎన్ని రోజులు పట్టేదని.

కారులో మాకు నాలుగున్నర గంటలు పట్టింది. బార్డోలీ, వ్యారా, అహ్వా మీదుగా డాంగ్ జిల్లా టేకు, వెదురు అడవులు దాటి సరిహద్దు చేరాలి. (మద్యనిషేధమున్న గుజరాత్ నుంచి సరిహద్దు దాటే కార్లన్నీ కొండల కోసమే పోతున్నాయని మాత్రం అనుకోనక్కర్లేదు.) ఈ నాలుగున్నర గంటలను లెక్కలో సరిగా వేసుకోకపోవడం మొదటి ప్రయాణంలో మేం చేసిన తప్పు. ఒకరి కోసం ఎదురుచూపులు, దారిలో తీరిగ్గా ఫలహారం. ఏడింటికి బయల్దేరి, కొండ కిందికి చేరేసరికి పన్నెండు కావచ్చింది. పైగా పక్కనే ఉన్న సాలోటా కోట కూడా అదే రోజు చూసేయాలన్నది మా ప్లాను. కాగితం మీద రెండూ ఆనుకునే ఉన్నాయి మరి.

కొండ నడకను ఎత్తును బట్టి అంచనా వేస్తే మోసపోతాం. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో సౌత్ డౌన్స్ అనే సుద్ద గుట్టలున్నాయి. ఎక్కడా మూడు వందల మీటర్లు మించవు. కానీ అలలు అలలుగా లేచి పడే ఆ నేల మీద, ముఖ్యంగా సెవెన్ సిస్టర్స్ అనే కొండచరియల వరుసపై, ఎక్కిన ఎత్తంతా దిగి మళ్లీ ఎక్కాలి. రోజు ముగిసేసరికి ఎక్కినదంతా కలిపితే చిన్న పర్వతమవుతుంది. ఆ సుద్ద క్రెటేషియస్ యుగంలో సముద్రజీవుల గుల్లలు పేరుకుని ఏర్పడింది. ఆ యుగం ముగిసే వేళకు, దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట, మన దక్కనులో లావా పొరలు పొరలుగా పారింది. సహ్యాద్రి మెట్లు మెట్లుగా ఉండటానికి కారణం ఆ పొరలే. సుద్దనేల వాన నీటిని పీల్చేసుకుంటుంది. ఇక్కడి నల్లరాయి మాత్రం వానలో నాచు పట్టి జారుతుంది. అందుకే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కొత్తవారు సాల్హేర్ జోలికి పోకపోవడం మంచిది. ఏప్రిల్, మే ఎండ గురించి చెప్పే పనే లేదు.

నడకకు పట్టే కాలం లెక్కగట్టేందుకు స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు. అయిదు కిలోమీటర్లకు గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. వాఘాంబే గ్రామం నుంచి పైకి అయిదు కిలోమీటర్లు, ఎక్కాల్సింది ఏడెనిమిది వందల మీటర్లు అనుకుంటే రెండుంపావు గంటలు. స్కాట్లండ్ చలిలో, అలవాటైన కాళ్లకు అది. సూరత్ కాళ్లకు సగం కలపాలి. సాల్హేర్, సాలోటాల నడుమనున్న కనుమ దాకా నడక మామూలుదే. ఆ తర్వాత రాతిలో తొలిచిన మెట్లు, ద్వారాలు, ఒక పక్క లోయ ఉన్న సన్నని బాట. దిగేటప్పుడు అక్కడ తొందర పనికిరాదు. కాబట్టి దిగడానికీ దాదాపు అంతే సమయం ఉంచుకోవాలి.

ఆ రోజు పైనున్న గంగాసాగర్ చెరువు దగ్గరికి చేరేసరికి మూడుంపావు. కొన మీది పరశురాముడి గుడి కళ్ల ముందే ఉంది, ఇంకో అరగంట. ఇక్కడి నుంచే పరశురాముడు బాణం వేసి సముద్రాన్ని వెనక్కి పంపాడని స్థానికుల కథ. ఇంత దూరం వచ్చి గుడి చూడకుండా దిగడమేమిటని మిత్రుడు మొండికేశాడు. డిసెంబర్‌లో ఇక్కడ ఆరు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. చివరికి దిగాం. అయినా ఆఖరి ముక్క ఫోన్ వెలుగులో, మోకాళ్లు వణుకుతూ నడిచాం. కారులో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. సూరత్ చేరేసరికి అర్ధరాత్రి దాటింది. మర్నాడు మగ్గం ముందు పన్నెండు గంటలు ఎలా నిలబడ్డాడో అతనే చెప్పాలి, కానీ చెప్పలేదు.

రెండోసారి లెక్క సూర్యాస్తమయం నుంచి మొదలుపెట్టాం. వెలుగుండగా గంటన్నర మిగిలేలా నాలుగున్నరకు ఊళ్లో ఉండాలి. అంటే మధ్యాహ్నం రెండింటికి, ఎక్కడున్నా సరే, వెనుదిరగాలి. ఎక్కడానికి మూడున్నర గంటలు, పైన అరగంట. నడక పదింటికల్లా మొదలవ్వాలి. అంటే సూరత్‌లో అయిదున్నరకు కాదు, నాలుగింటికే బండి కదలాలి, దారిలో ఏదైనా జరిగితే సర్దుకోవడానికి. సాలోటాను కొట్టేశాం. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు. కోట మీద తొట్లలో నీళ్లున్నా శుద్ధి చేయకుండా తాగకూడదు. రెండు రోజులైనా పాడవని థేప్లాలు, వాటితో పాటు మిత్రుడి ఇంటి పులిహోర. తలకు కట్టుకునే టార్చి మనిషికొకటి. ఊళ్లో దారి తెలిసిన కుర్రాడొకరిని కూలి మాట్లాడుకుని వెంట తీసుకెళ్లాం. మొదటిసారి దారి తప్పి పోగొట్టుకున్న ముప్పావుగంట అలా మిగిలింది.

గుడి దగ్గరికి ఒంటి గంట ఇరవైకి చేరాం. ఒకవైపు సాలోటా, ములేర్ కోటలు, దూరంగా మాంగీ-తుంగీ జంట శిఖరాలు, పడమటివైపు డాంగ్ కొండలు మడతలు మడతలుగా. సూరత్ ఏ దిక్కునని అడిగి మిత్రుడు కాసేపు అటే చూశాడు. పొగమంచు తప్ప ఏమీ లేదు. పులిహోర తిన్నాం. రెండు కావడానికి అయిదు నిమిషాల ముందు తనే గడియారం చూసుకుని లేచి చెప్పులేసుకున్నాడు.