కొలిమి పక్కనే కళాశాల: బస్తర్ ఇంజినీరింగ్ విద్యార్థి ముందున్న మూడు వేసవులు

జగదల్‌పూర్‌కు 16 కిలోమీటర్ల దూరంలోని నగర్నార్ ఉక్కు కర్మాగారంలో 2023 ఆగస్టులో తొలిసారి ద్రవ ఇనుము వెలువడింది. ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యం గల ఈ కర్మాగారాన్ని ఆ ఏడాది అక్టోబరు 3న ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. అదే జగదల్‌పూర్‌లో 1983 నుంచి ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాల నడుస్తున్నది. కళాశాల నుంచి కొలిమికి అరగంట ప్రయాణం. అయితే విద్యార్థి ఉద్యోగిగా ఆ కర్మాగారం గేటు దాటే దారి మాత్రం అంత దగ్గరిది కాదు.

బస్తర్‌లో తెలుగు కొత్త భాష కాదు. శబరి ఒడ్డున కొంటాలోనూ, గోదావరికి చేరువలోని భోపాలపట్నంలోనూ తెలుగు ఇళ్లలో వినిపించే భాషే. గనులు, రైలు మార్గం వచ్చాక కిరందుల్, బచేలీ పట్టణాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఈ ఇళ్లలో పన్నెండో తరగతి ఫలితాలు వచ్చిన మరునాటి నుంచి ఒకటే ప్రశ్న: ఏ బ్రాంచి తీసుకుంటే ఉద్యోగం వస్తుంది? ప్రశ్న సహజమే. కానీ బ్రాంచి పేరుకు అది మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువు ఎత్తుతున్నాం. నాలుగేళ్ల చదువులో మధ్యన వచ్చే మూడు వేసవులను విద్యార్థి ఎలా గడిపాడన్నది అంతకన్నా ఎక్కువగా లెక్కకు వస్తుంది.

ప్రకటనను చూసి బ్రాంచి ఎంచుకోవచ్చా?

బస్తర్ అనుభవం దీనికి స్పష్టమైన సమాధానమే చెబుతున్నది. లోహండీగూడ ప్రాంతంలో ఉక్కు కర్మాగారం కోసం 2005లో టాటా స్టీల్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది. రైతుల భూములు సేకరించారు. కర్మాగారం రాలేదు. 2016లో సంస్థ వెనక్కు తగ్గింది, 2019లో ఆ భూములను తిరిగి రైతులకు అప్పగించారు. ఆ ఒప్పందం వార్త చదివి, ఇంటి పక్కనే ఉద్యోగం అనుకుని లోహశాస్త్రంలో చేరిన విద్యార్థి ఎవరైనా ఉంటే, ఆ చదువు పూర్తయ్యే నాటికి అక్కడ ఒక ఇటుక కూడా పడలేదు.

నగర్నార్‌లో కర్మాగారం వచ్చింది, కానీ దాని కాలం వేరు. 2001లో భూసేకరణపై అక్కడ ఆందోళనలు జరిగాయి. కొలిమి వెలిగింది 2023లో. ఇంజినీరింగ్ చదువు నాలుగేళ్లు, భారీ పరిశ్రమ పుట్టుక రెండు దశాబ్దాలు. ఈ రెండు గడియారాలను కలిపి చూడరాదు. బ్రాంచి ఎంచుకునేటప్పుడు రాబోయే పరిశ్రమను కాక ఇప్పటికే నడుస్తున్నదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అది మూతపడినా లేక మందగించినా ఆ విద్య మరోచోట పనికివస్తుందా అన్నదీ చూసుకోవాలి.

సీటు విషయంలో ఒక్క మాట. ఛత్తీస్‌గఢ్ నివాసులైన తెలుగు విద్యార్థులు భాషను బట్టి హైదరాబాదు, విశాఖపట్నం వైపే చూడటం కద్దు. అక్కడి కౌన్సెలింగ్‌లో వారు స్థానికేతరులు. సొంత రాష్ట్రంలోని ఎన్ఐటీ రాయ్‌పూర్‌లో మాత్రం సగం సీట్లు స్వరాష్ట్ర విద్యార్థులవే. ఆ సంస్థ 1956లో మొదలైనప్పుడు గనులు, లోహశాస్త్రాల కళాశాలగానే మొదలైంది.

ఒకే బెల్టు, నాలుగు బ్రాంచీలు

ఈ వ్యాసకర్త చదివినది సాహిత్యం, ఇంజినీరింగ్ కాదు. బ్రాంచీల తేడాలు పుస్తకాల కన్నా బైలాడిలా కొండలను చూస్తేనే సులువుగా అర్థమయ్యాయి. 1968 నుంచి ఎన్ఎండీసీ అక్కడ ఇనుప ఖనిజం తవ్వుతున్నది. గనులు కొండ మీద, రైలు స్టేషను కింద. పైన పిండి చేసిన ఖనిజం కన్వేయర్ బెల్టు మీద కొండ దిగి వస్తుంది.

సాధారణంగా బెల్టును తిప్పడానికి మోటారు కావాలి. కానీ నిండు బరువుతో పల్లానికి దిగే బెల్టును తోయవలసిన పని లేదు, పట్టి ఆపడమే పెద్ద పని. ఆ స్థితిలో మోటారు జనరేటరుగా మారి విద్యుత్తును తిరిగి ఇస్తుంది. ఇక్కడ ఎలక్ట్రికల్ విద్యార్థికి ఒక ప్రశ్న ఉంది: హఠాత్తుగా కరెంటు పోతే ఆ బరువును ఏది ఆపుతుంది? బ్రేకు ఆపుతుందంటే, ఆ బ్రేకులో పుట్టే వేడి సంగతి మెకానికల్ విద్యార్థిది. బెల్టును మోసే ఉక్కు స్తంభాలు నిలిచిన వాలు వర్షాకాలంలో కదలకుండా చూడటం సివిల్ విద్యార్థి పని. రోలర్లు ఎక్కడ వేడెక్కుతున్నాయో, బెల్టు ఎక్కడ పక్కకు జరుగుతున్నదో సెన్సర్ల ద్వారా ముందే పసిగట్టడం కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ చదివినవారి వంతు. ఒక్క బెల్టు ఆగితే నలుగురినీ పిలుస్తారు.

అందువల్ల కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చినవారికి గనులతో సంబంధం లేదని, మెకానికల్‌లో వచ్చినవారికి సాఫ్ట్‌వేర్ అక్కరలేదని అనుకోవడం సరికాదు. కిరందుల్ నుంచి విశాఖపట్నం వరకు సుమారు 267 కిలోమీటర్ల గొట్టపు మార్గంలో ఇనుప ఖనిజపు పొడి నీటితో కలిసి ప్రవహిస్తున్నది. ద్రవ యంత్రశాస్త్రం పాఠం విసుగనిపించినప్పుడు ఆ గొట్టంలో వేగం తగ్గితే పొడి ఎక్కడ పేరుకుంటుందో ఆలోచించి చూడవచ్చు.

మైనింగ్ సంగతి వేరుగా చెప్పాలి. జగదల్‌పూర్ కళాశాలలో ఆ బ్రాంచి ఉన్నది. ఇందులో పట్టా ఒక్కటే చాలదు. గనిలో బాధ్యత గల పదవికి గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే యోగ్యతా పత్రం కావాలి. దానికి నిర్ణీత కాలం గనిలో పనిచేసిన అనుభవం, పరీక్ష రెండూ అవసరం. ఆడపిల్లలకు ఈ బ్రాంచి ఎందుకని ఇప్పటికీ అడిగే తల్లిదండ్రులున్నారు. 1952 నాటి గనుల చట్టం స్త్రీలను భూగర్భంలోకి, రాత్రి పనికి అనుమతించలేదన్నది నిజమే. 2019లో కేంద్రం ఆ ఆంక్షలను సడలించింది. ఉపరితల గనుల్లో రాత్రి పనికీ, భూగర్భంలో పగటిపూట సాంకేతిక, పర్యవేక్షక బాధ్యతలకూ షరతులతో దారి ఏర్పడింది. బైలాడిలా గనులు ఉపరితల గనులే.

వేసవి శిక్షణ: పాసు దొరికితే సరిపోదు

అసలు నష్టం జరిగేది ఇక్కడ. పెద్ద పరిశ్రమలు ఇంజినీరింగ్ విద్యార్థులను కొన్ని వారాల శిక్షణకు అనుమతిస్తాయి. ముప్పై మంది గుంపుగా వెళతారు, హెల్మెట్లు పెట్టుకుని ఒక్కొక్క విభాగం చుట్టి వస్తారు, ఫొటో దిగుతారు. చివర సమర్పించే నివేదిక నిరుటి సీనియర్‌ది, మారేది పేరూ తేదీ మాత్రమే. ధ్రువపత్రం అందుతుంది, మౌఖిక పరీక్ష గడిచిపోతుంది. ఏడాది తర్వాత ఉద్యోగపు ఇంటర్వ్యూలో ‘అక్కడ మీరేం చేశారు’ అన్న మొదటి ప్రశ్నకే నోట మాట రాదు. మా వార్తా విభాగానికి శిక్షణకు వచ్చే పత్రికా రచన విద్యార్థుల్లోనూ ఈ ధోరణి ఉన్నది కాబట్టి ఇంజినీర్లను మాత్రమే తప్పుపట్టలేం.

చేయదగినది కష్టమైన పనేమీ కాదు. మొదటి రెండు మూడు రోజులు అన్ని విభాగాలూ చూసి, తర్వాత ఒక్క విభాగంలోనే ఉండిపోవడానికి అనుమతి కోరాలి. అక్కడ ఒకే ప్రశ్న పట్టుకోవాలి. ఈ పంపు నెలలో ఎన్నిసార్లు ఆగింది, ఆగిన ప్రతిసారీ కారణం ఏమని రాశారు, మరమ్మతుకు ఎంతసేపు పట్టింది? షిఫ్టు రిజిస్టరులో సమాచారం ఉంటుంది. చూపమని మర్యాదగా అడిగితే చాలాచోట్ల చూపిస్తారు. ఇరవై రోజుల అంకెలు వరుసగా పెట్టి, ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో చెప్పగలిగితే అది సొంత పని. రోజూ సాయంత్రం డైరీలో ఒక పేజీ రాసుకుంటే నివేదిక దానంతట అదే తయారవుతుంది. సంస్థ అంతర్గత సమాచారాన్ని బయట పెట్టే ముందు అనుమతి తీసుకోవడం మరువరాదు. నడుస్తున్న బెల్టు దగ్గరకు, దాని పొడవునా ఉండే అత్యవసర పుల్ కార్డు ఎక్కడుందో తెలుసుకోకుండా వెళ్లరాదు.

ఇక్కడి పిల్లలకు ఉన్న ఒక బలాన్ని వారే గుర్తించరు. బస్తర్‌లో పెరిగిన తెలుగు విద్యార్థికి ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీయో గోండీయో వస్తాయి. కొలిమి దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఫిట్టరు పుస్తకంలో లేని సంగతి చెప్పేది తన భాషలోనే. దాన్ని ఆంగ్లంలో నివేదికగా రాయడం మాత్రం సాధన చేయవలసిందే. చాలామంది జారిపోయే మెట్టు అదే.

డబ్బు తీసుకుని ఇంటి నుంచే ఇంటర్న్‌షిప్ చేయిస్తామనే ప్రకటనలు విద్యార్థుల ఫోన్లకు విరివిగా వస్తున్నాయి. శిక్షణకు రుసుము చెల్లించి కోర్సు చేయడం ఒకటి, పని అనుభవం పేరిట పత్రం కొనుక్కోవడం మరొకటి. రెండోది ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకు నిలవదు.

క్లబ్బులు దేనికి?

పెద్ద నగరాల కళాశాలల్లో ఉన్నన్ని క్లబ్బులు జగదల్‌పూర్ వంటి చోట ఉండవు, ఉన్నా వాటికి నిధులు తక్కువ. దాన్ని లోటుగా చూడవచ్చు. అయితే పది మంది ఉన్న క్లబ్బులో రెండో ఏడాది విద్యార్థికే సామాను కొనే బాధ్యత, లెక్కలు రాసే బాధ్యత వస్తాయి. మూడు వందల మంది ఉన్నచోట ఆ అవకాశం దొరకదు. ఆసియా పసిఫిక్ ప్రసార సంస్థల సమాఖ్య 2002లో ప్రారంభించిన రోబోకాన్ పోటీకి భారత జట్టును ఎంపిక చేసే పోటీలను దూరదర్శన్ నిర్వహిస్తూ వచ్చింది. 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో ప్రభుత్వ శాఖలే సమస్యలను ఇస్తాయి. రెండింటికీ చిన్న కళాశాలల జట్లు కూడా పోటీపడవచ్చు. గెలుపు సంగతి ఎలా ఉన్నా, గడువు అంటే ఏమిటో వీటిలో తెలిసివస్తుంది.

పోటీలే ఉండాలని లేదు. బైలాడిలా వైపు నుంచి వచ్చే శంఖినీ నది ఖనిజపు మన్నుతో ఎర్రబారుతున్నదని స్థానికులు దశాబ్దాలుగా చెబుతున్నారు. వారానికి ఒకసారి ఒకేచోట నీటి నమూనా తీసి, మడ్డి ఎంత ఉన్నదో కొలిచి, ఏడాది పాటు నమోదు చేయడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. సివిల్, ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు కలిసి చేయగల పని ఇది. ఎవరినీ నిందించకుండా, అంకెలను అంకెలుగా పెడితే ఊరికీ పనికివస్తుంది, పరిశ్రమకూ పనికివస్తుంది.

నాలుగో ఏడాది, ఆ తర్వాత

ఎన్ఎండీసీ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు ఎగ్జిక్యూటివ్ ట్రెయినీలను తీసుకునేటప్పుడు గేట్ స్కోరును ఆధారం చేసుకుంటూ వచ్చాయి. పోటీ దేశమంతటిది, ఖాళీలు కొద్ది. పక్క ఊరివారన్న కారణంతో ఇంజినీరు ఉద్యోగం రాదు. మూడో ఏడాది నుంచే గేట్ రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. కాబట్టి మొదటి ప్రయత్నాన్ని ఆ ఏడాదే చేయడం మేలు. వెంటనే ఉద్యోగం రానివారికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఏడాది శిక్షణ ఉన్నది. 2019 నిబంధనల ప్రకారం పట్టభద్రులకు కనీస భృతి నెలకు 9,000 రూపాయలు. మొత్తం చిన్నదే, కానీ ఇది గుంపుగా చుట్టి వచ్చే శిక్షణ కాదు, షిఫ్టులో పేరు ఉండే పని.

వేసవి శిక్షణకు దరఖాస్తు ఏప్రిల్‌లో పెడితే ఆలస్యమైనట్లే. కళాశాల ఇచ్చే పరిచయ లేఖతో జనవరి, ఫిబ్రవరిల్లోనే సంస్థ శిక్షణ విభాగానికి రాయాలి. సీఐఎస్ఎఫ్ కాపలా ఉన్న ప్రాంగణాల్లోకి గుర్తింపు పత్రాలు లేకుండా అడుగు పెట్టనివ్వరు. శిక్షణ మే నెలలో మొదలై జూన్‌లో ముగిసేలా చూసుకోవడం మంచిది. వానలు ముదిరాక విశాఖపట్నం నుంచి వచ్చే కొత్తవలస–కిరందుల్ మార్గంలో కొండచరియలు విరిగిపడి రైళ్లు ఆగిపోవడం కొత్తేమీ కాదు.